కుర్చీ తాకట్టు

అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీ తిరిగి రాడు. ఇది రసీదు గారు పదకొండేళ్ళ కిందటే తేల్చేసిన విషయం. ఇందులో చర్చ లేదు.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక గోదాములో గుమస్తాగా పనిచేశారు. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో సంతకం లేకుండా ఒక్క మేకు కూడా గేటు దాటలేదు. రిటైరయ్యాక ఇంటినే గోదాము చేసుకున్నారు. పక్కింటావిడ గిన్నె అడిగితే తేదీ వేసి సంతకం పెట్టించుకుని ఇచ్చేవారు. గిన్నె తిరిగొచ్చాక ఆ కాగితం చింపేవారు కాదు, దాచేవారు. వీధి ఆయనకు ఆ పేరు పెట్టింది అందుకే. 'గారు' మాత్రం మర్యాదకు చేర్చింది.

భార్య పోయి మూడేళ్ళయింది. ఆవిడ పొడుగు మనిషి. వంటింటి గట్టు పొట్టిది. ఇరవై ఏళ్ళు వంగి వండింది. ఆరంగుళాలు లేపించమని అడిగీ అడిగీ, చివరకు పదకొండేళ్ళ కిందట ఒక మేస్త్రీకి మూడు వేలు అడ్వాన్సు ఇప్పించింది. సోమవారం వస్తానన్నాడు మేస్త్రీ. సోమవారం సాయంత్రం రసీదు గారు గోదాము నుంచి వచ్చేసరికి గట్టు గట్టులాగే ఉంది.

"ఏడీ వాడు?"

"ఇక రాడు లెండి" అంది భార్య.

"వాడి ఇంటికెళ్ళి చొక్కా పట్టుకుంటా."

"అలాంటివాడి గడప మీరు తొక్కడమేమిటండీ?"

అది న్యాయంగా తోచింది. గడప తొక్కలేదు. బదులుగా ప్రతి సాయంత్రం వరండాలో కూర్చుని, వీధిన పోయేవాళ్ళను ఆపి, మూడు వేలు మింగిన మేస్త్రీ కథ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. భార్య లోపల వంగి కూర కలుపుతూ వినేది. ఎనిమిదేళ్ళు వింది. ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

ఇక ఆ మంగళవారం. ఆ పూట ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, పాత కరెంటు బిల్లులకు కొత్త దారం కట్టడం. ఇంతలో కూతురు ఫోను చేసింది.

"నాన్నా, ఒకటో తారీఖుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. నీ దగ్గరికే వచ్చేద్దామని మీ అల్లుడు కూడా అంటున్నాడు. కానీ ఆ గట్టు లేపించాలి. అమ్మ నడుం చూశాను, నా నడుం కూడా దానికే ఇవ్వలేను."

"లేపించకపోతే?"

"ఒక ఫ్లాటు చూశాం. ఆదివారంలోగా అవునో కాదో చెప్పమన్నారు."

"మీ ఇష్టం" అన్నారు రసీదు గారు. ఫోను పెట్టేశాక పొయ్యి మీది గిన్నె చూశారు. మాడింది. మూడేళ్ళుగా ఒక్కడే వండుకుని, ఒక్కడే మాడ్చుకుని, ఒక్కడే తింటున్నారు. వాళ్ళు వస్తే బాగుండునని ఆయనకు ఎంతుందో ఎవరికీ చెప్పలేదు. బిల్లుల దారం వదిలేసి మేస్త్రీని వెతకడానికి బయల్దేరారు. అదే చెప్పినట్టు.

వెతికితే దొరికిన చిన్న మేస్త్రీ పదింటికి సంచీతో వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, ఊరికి ఆ చివర రైలు గేటు అవతల ఉంటాడు. గట్టు కొలిచాడు, తట్టి చూశాడు, తల ఊపాడు.

"నాలుగు రోజుల పని సార్. సామాను మీరే కొనుక్కోండి. నా కూలి ఎనిమిది వేలు. సగం ముందు, పావు మధ్యలో, పావు చివర్లో."

"మొత్తం చివర్లో."

"అలా ఎవరూ చెయ్యరు సార్."

"అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీ తిరిగి రాడు."

"అడ్వాన్సివ్వని ఇంటాయన చివర్లో కూలివ్వడు సార్. గోడ కట్టాక వంకరంటాడు. వంకర సరిచేస్తే లేటైందంటాడు. అలాంటివాళ్ళు నలుగురున్నారు నాకు. వాళ్ళ వీధిలోకి నేను తలెత్తుకుని పోతా, వాళ్ళు తలదించుకుని తలుపేసుకుంటారు. డబ్బు మాత్రం రాదు."

"పైసా ముందివ్వను."

"పోనీ మూడో వంతు."

"నువ్వే నాకు డిపాజిట్ కట్టు" అన్నారు రసీదు గారు.

చిన్న మేస్త్రీ చెవిలో వేలు పెట్టి కదిలించుకున్నాడు. "నేనా? పని చేసేవాడు ఎదురు కట్టడం ఎక్కడైనా ఉందా సార్?"

"నా గోదాములో ఉంది. పని పూర్తి చెయ్యి, నీ డిపాజిట్ నీకిస్తా, కూలీ ఇస్తా."

ఆ వారం చిన్న మేస్త్రీకి వేరే పని లేదు. ఆ సంగతి బయటపెడితే కూలి తగ్గుతుంది. అందుకని కాసేపు బోలెడు పనులున్నవాడిలా గోడ కేసి చూసి, "డబ్బు లేదు గానీ సంచీ పెడతా" అన్నాడు.

రసీదు గారు సంచీ విప్పించారు. తాపీలు రెండు. మట్టం చూసే రసమట్టం ఒకటి. సుత్తి ఒకటి. ఉలులు మూడు. రాయి కోసే మిషను ఒకటి, వైరు కొద్దిగా తెగినది. అన్నీ రాసుకున్నారు. తెగిన వైరు కూడా రాశారు.

"న్యాయం ఇద్దరికీ ఒకటే కద సార్" అన్నాడు చిన్న మేస్త్రీ. "మీరు కూలిస్తారని నాకేం నమ్మకం? మీరూ ఏదో ఒకటి పెట్టండి. పోతే మీ ప్రాణం ఉసూరుమనేది."

రసీదు గారికి కోపం రావాలి. రాలేదు. మాట రూలు ప్రకారం ఉంది. చిన్న మేస్త్రీ ఇల్లంతా కలయజూసి వరండాలో పడక కుర్చీ దగ్గర ఆగాడు. టేకు చట్రం, గట్టి గుడ్డ. ఎప్పుడో ఆయన గోదాములో నిచ్చెన మీంచి పడి నడుం పట్టేస్తే బావమరిది పంపాడని భార్య తెప్పించిన కుర్చీ. బావమరిది పుట్టి చేసిన మంచిపని అదొక్కటేనని రసీదు గారి అభిప్రాయం. మేస్త్రీ కథ చెప్పేది ఆ కుర్చీలోంచే.

"అది కావాలి" అన్నాడు చిన్న మేస్త్రీ.

ఒప్పందం రెండు ప్రతులు రాశారు. పని పూర్తయి కొలత సరిపోయిన తరువాతనే ఎవరి డిపాజిట్ వారికి వాపసు. అంతకు ముందు ఏ కారణం చేతనూ ఇవ్వబడదు. ఇద్దరూ సంతకాలు చేశారు. సంచీ బీరువాలోకి పోయింది, తాళంచెవి జేబులోకి పోయింది. కుర్చీ చిన్న మేస్త్రీ నెత్తికెక్కి వీధి దాటింది.

బుధవారం ఉదయం చిన్న మేస్త్రీ చెప్పిన టైముకే వచ్చాడు. రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చాడు.

"సంచీ ఇవ్వండి సార్, మొదలెడతా."

"సంచీ డిపాజిట్."

"అవును సార్. పని చెయ్యాలి కదా."

"పనయ్యాక ఇస్తా."

"సంచీ ఇస్తే పనవుతుంది సార్."

"పనయితే సంచీ వస్తుంది."

ఇలా గంటసేపు గడిచింది. చిన్న మేస్త్రీ ఒప్పందం ఇంకోసారి చదవమన్నాడు. రసీదు గారు చదివారు. "ఏ కారణం చేతనూ" దగ్గర ఆపి మరోసారి చదివారు. రాసింది తనే అయినా, ఆయనకు ఇప్పుడు ఏమీ చెయ్యడానికి లేదు. రాసింది రాసిందే.

"గోళ్ళతో గీకమంటారా సార్ గట్టుని?"

"అది ఒప్పందంలో లేదు."

చిన్న మేస్త్రీ తల పట్టుకుని వెళ్ళిపోయాడు. రెండు గంటల తర్వాత ఇంకో సంచీతో తిరిగొచ్చాడు. పాత సంచీ, బరువైనది.

"ఎక్కడిది?" అన్నారు రసీదు గారు.

"మా మామది సార్. ఆయన దగ్గరే పని నేర్చుకున్నా. ఆ తర్వాత కూతుర్నిచ్చాడు."

"ఊరికే ఇచ్చాడా సంచీ?"

"మా మామా? ఆయన ఊరికే దగ్గు కూడా దగ్గడు. 'కూతుర్నంటే నమ్మి ఇచ్చాన్రా అల్లుడూ, తాపీ నమ్మి ఇవ్వను, ఏదైనా తాకట్టు పెట్టు' అన్నాడు. పెట్టి తెచ్చా."

రసీదు గారి ముఖం చాలా రోజులకు విచ్చుకుంది. "మనిషంటే అతను. అలాంటివాళ్ళు ఊరికి నలుగురుంటే చాలు, లోకం ఇంత చెడిపోయేది కాదు. పెద్దాయన్ని అడిగానని చెప్పు."

ఏం తాకట్టు పెట్టావని మాత్రం అడగలేదు. అది ఆయన పద్దు కాదు.

మధ్యాహ్నానికి గట్టు నేలమట్టమైంది. గురువారం రాయి కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన కొలత చూసి, "ఈ కొలతకి కోస్తే ఇంకో ఇంటికి పనికిరాదండీ. సగం డబ్బు ముందు కట్టండి" అన్నాడు. రసీదు గారు కట్టనన్నారు. వంటిల్లు ఎలాగూ లేదు గనుక గ్యాస్ పొయ్యి తెచ్చి అక్కడ పెట్టి కాగితం రాయించుకున్నారు. కొట్టాయన ఆ పొయ్యి మీదే టీ పెట్టించడం మొదలుపెట్టాడు. రాయి ఇంటికి చేర్చే బండివాడు, "మీ వీధిలో దింపించుకుని బేరం మొదలెడతారు, నాకు తెలుసు" అన్నాడు. వాడికి గోడ గడియారం వెళ్ళింది. అన్నీ పద్ధతి ప్రకారం పుస్తకంలోకి ఎక్కాయి. ఇంట్లోంచి ఒక్క పైసా కదల్లేదు. సామానే కదిలింది.

శుక్రవారం కొలత చూసుకుందామని కూతురు వచ్చింది. తండ్రి వరండాలో బోర్లించిన బకెట్ మీద, నడుం పట్టుకుని, చేతిలో రొట్టె ముక్కతో కూర్చుని ఉన్నారు.

"కుర్చీ ఏది నాన్నా?"

"డిపాజిట్‌లో ఉంది."

ఆమె లోపలికి వెళ్ళి తిరిగొచ్చింది. "పొయ్యి?"

"డిపాజిట్‌లో."

గోడ మీద గడియారం ఉండాల్సిన చోట తెల్లగా గుండ్రటి మచ్చ ఉంది. ఆమె ఆ మచ్చను చూసింది, తండ్రిని చూసింది.

"అదీ డిపాజిట్‌లోనే" అన్నారాయన.

కూతురు బకెట్ పక్కన నేల మీద కూలబడింది. "నాన్నా, పెన్షన్ ఆగిపోయిందా?"

"ఎందుకాగుతుంది?"

"అప్పులయ్యాయా? నాకెందుకు చెప్పలేదు? గట్టు కోసం ఇంట్లో సామాను అమ్ముకుంటావా?"

"అమ్మడం కాదే, డిపాజిట్."

"ఆ మాట అంటే పరువు దక్కుతుందనుకుంటున్నావు. నాకు అర్థం కాదా?"

ఆమె ఏడుపు విని పక్కింటావిడ వచ్చింది. పక్కింటావిడ వచ్చాక వీధి రాకుండా ఉండదు. కుర్చీ నెత్తిన పెట్టుకుపోవడం మంగళవారమే చూసినవాళ్ళున్నారు. పొయ్యి పోవడం చూసినవాళ్ళున్నారు. ఎవరికి వాళ్ళు చూసింది చెప్పారు, కలిపితే ఇల్లు దివాలా తీసింది.

"మాతో ఒక్క మాటంటే మేము సర్దమా అన్నయ్యగారూ?" అంది పక్కింటావిడ, కొంగు ముడి విప్పి. "ఇదిగోండి అయిదొందలు. ఇక్కడ తేదీ వేసి సంతకం పెట్టండి."

వీధి నవ్వింది. రసీదు గారు లేచి సంగతంతా వివరించబోయారు. పదకొండేళ్ళు ఆయన చెప్పింది నిలబడి విన్న వీధి, నిజంగా చెప్పవలసిన రోజు ఒక్క ముక్క వినలేదు.

కూతురు కళ్ళు తుడుచుకుంది. "గట్టు వద్దు నాన్నా. మేం ఫ్లాటుకే పోతాం. ఇప్పుడే ఫోను చేసి చెప్పేస్తా. ఆ డబ్బు పెట్టి నీ సామాను విడిపించుకో. నా మూలంగా నువ్వు నేల మీద కూర్చోవడం నేను చూడలేను."

రసీదు గారికి అప్పుడు భయమేసింది. ఒక్క పైసా పోకుండా అన్నీ కాపాడుకుంటూ వచ్చి, సరిగ్గా ఏది కావాలనుకున్నారో అది పోగొట్టుకుంటున్నారు.

"ఫోను చెయ్యకు" అన్నారు. "పద. కుర్చీ ఎక్కడికీ పోలేదని చూపిస్తా." తల లోపలికి తిప్పి కేకేశారు. "మేస్త్రీ! నా కుర్చీ ఎక్కడ పెట్టావు?"

చిన్న మేస్త్రీ ఉలి పట్టుకుని బయటికొచ్చాడు. "మా మామ దగ్గర సార్. తాపీల కింద తాకట్టు పెట్టింది అదే."

"నా డిపాజిట్‌ని ఇంకొకడికి డిపాజిట్ పెట్టావా?"

"పెట్టకూడదని ఒప్పందంలో లేదు సార్."

లేదు. రసీదు గారు మనసులోనే ఒప్పందం చదువుకున్నారు, లేదు. నలుగురూ రైలు గేటు దాటి నడిచారు. ముందు చిన్న మేస్త్రీ, వెనక రసీదు గారు, ఆ వెనక కూతురు, చివరన పిలవకపోయినా పక్కింటావిడ.

మామగారి ఇల్లు చిన్నది. ముందు రేకుల పంచ. ఆ పంచలో పడక కుర్చీ ఉంది. కుర్చీలో ఒక ముసలాయన వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

రసీదు గారు గుమ్మంలోనే ఆగిపోయారు. జుట్టు నెరిసింది, మనిషి చిక్కాడు. అయినా గుర్తుపట్టారు. పదకొండేళ్ళుగా ప్రతి సాయంత్రం తలుచుకున్న ముఖం మరిచిపోవడం కుదరదు.

"నువ్వా!"

ముసలాయన కళ్ళు తెరిచాడు. లేవలేదు. "రండి. ఈ కుర్చీ ఇంట్లోకి రాగానే అనుకున్నా, వెనకాలే మీరొస్తారని."

"నా మూడు వేలు తిన్నది చాలక నా కుర్చీలో పడుకున్నావా? కక్కు ముందు ఆ డబ్బు!"

"కక్కి పదకొండేళ్ళయింది" అన్నాడు పెద్ద మేస్త్రీ. ఇంట్లోకి చూసి, "ఏమే, ఆ రేకు పెట్టె ఇటు తే" అన్నాడు.

పెట్టెలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీశాడు. రసీదు గారు విప్పారు. అది గోదాము గేటు పాసు. ఆయన గోదాముదే. రసీదు గారి ఇంట్లో అప్పట్లో రాసుకోవడానికి వేరే కాగితం ఉండేది కాదు. వెనకవైపు, పక్కకు ఒరిగిన అక్షరాల్లో ఇలా ఉంది.

"గట్టు పనికి ఇచ్చిన అడ్వాన్సు మూడు వేలు తిరిగి ముట్టినవి. వారికి నడుము నొప్పిగా ఉన్నది. కుర్చీ కొంటున్నాము. గట్టు తరువాత చూద్దాము."

కింద తేదీ. సోమవారం. దాని కింద సంతకం. ఆ సంతకం ఎవరిదో ఆయన ఎవరినీ అడగనక్కర్లేదు.

"సోమవారం పొద్దున్నే వచ్చానండీ" అన్నాడు పెద్ద మేస్త్రీ. "సంచీ దించనివ్వలేదు అమ్మగారు. 'గట్టు ఆగుతుంది, ఆయన నడుం ఆగట్లేదు. కుర్చీ కొనుక్కోండంటే దండగంటారు. ఆ డబ్బు ఇలా ఇచ్చెయ్యి బాబూ' అన్నారు. ఇచ్చేశా. కుర్చీ రెండు వేల ఎనిమిది వందలు. కొట్టు నుంచి బండి మీద తోసుకొచ్చి మీ వరండాలో దింపింది నేనే."

"మా బావమరిది పంపాడని..."

"నాకు తెలీదండీ ఆయనెవరో."

పుట్టి చేసిన ఒక్క మంచిపనీ బావమరిది లెక్కలోంచి పోయింది.

రసీదు గారు కాగితం తిరగేశారు. మళ్ళీ తిరగేశారు. "మూడు వేలలో రెండు వేల ఎనిమిది వందలు పోతే" అన్నారు, "ఇంకా రెండు వందలుండాలి."

"నాన్నా!" అంది కూతురు.

"అడగనివ్వమ్మా. ఆయన అడక్కపోతే ఎవరడుగుతారు?" అన్నాడు పెద్ద మేస్త్రీ. "బండి కూలి. అది నాకు ముట్టినట్టు అడుగున నా వేలిముద్ర ఉంది చూడండి."

ఉంది.

"మరి ఇన్నేళ్ళూ నోరెందుకు విప్పలేదు?"

"అమ్మగారు వద్దన్నారు. తెలిస్తే మీరు కుర్చీ వాపసు చేసి డబ్బు తెస్తారట. మాటిచ్చా. మాటకు రసీదు అడగలేదు ఆవిడ. డబ్బుకు మాత్రం నేనే రాయించుకున్నా, మీ సంగతి తెలుసు గనుక." కుర్చీలోంచి మెల్లగా లేచాడు. "మీ వీధి నుంచి పదకొండేళ్ళలో నాకు ఒక్క పని రాలేదు లెండి. ఫరవాలేదు. కుర్చీ తీసుకెళ్ళండి. గుడ్డ మార్పించుకోండి, చివికింది."

రసీదు గారు కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టారు. కూతురు కుర్చీ చెయ్యి మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "అయితే రోజూ నువ్వు తిడుతుంటే, అమ్మ..." అని మొదలుపెట్టి, నవ్వో ఏడుపో తెలియని ఒక చప్పుడు చేసి ఆపేసింది.

కుర్చీతో ఇంటికొచ్చాక రసీదు గారు బీరువా తెరిచారు. చిన్న మేస్త్రీ సంచీ తీసి ఇచ్చారు. జాబితాతో సరిచూడలేదు. తర్వాత ఎనిమిది వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టారు.

"సార్, పని సగమే అయింది."

"తీసుకో."

"మొత్తం ముందే ఇస్తే నేను రాకపోవచ్చు సార్."

"రాకపోతే మానెయ్."

చిన్న మేస్త్రీకి నిజంగానే భయమేసింది. "రసీదు రాసిస్తానుండండి."

"అక్కర్లేదు." ఇంకో మూడు వేలు తీశారు. "ఇది మీ మామకివ్వు. అడ్వాన్సని చెప్పు. ఒప్పుకున్న పని అతను మానలేదు. మా వైపు నుంచి ఆగింది. రేపు వచ్చి రసమట్టం అతన్నే పట్టుకోమను. రాయికీ బండికీ డబ్బు ఇదిగో, కట్టేసి నా సామాను విడిపించుకు రండి."

అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీలు ఇద్దరు. శనివారం ఉదయం రసీదు గారు కుర్చీలో నిటారుగా కూర్చుని వీధి మలుపు చూస్తూ గడిపారు. గడియారం ఇంకా బండివాడి దగ్గరే ఉంది గనుక ఎంతసేపు చూశారో తెలియదు. చాలాసేపే చూశారు. చివరకు మలుపులో బండి కనబడింది. బండి మీద రాయి, రాయి మీద పెద్ద మేస్త్రీ, ఆయన ఒళ్ళో గోడ గడియారం, పక్కన పొయ్యి. వెనక చిన్న మేస్త్రీ నడిచి వస్తున్నాడు.

"ఎంత లేపమంటారు?" అన్నాడు పెద్ద మేస్త్రీ, దిగకుండానే.

"ఆరంగుళాలు. ఆవిడ చెప్పినంతే."

ఆదివారం మధ్యాహ్నం కూతురు ఫ్లాటాయనకు ఫోను చేసి వద్దని చెప్పింది. ఒకటో తారీఖున సామానుతో దిగింది. మొదటిరోజే కొత్త గట్టు ముందు నిలబడి, వంగకుండా, తండ్రికి మాడని కూర వండింది.

ఆ సాయంత్రం రసీదు గారు వరండాలో కుర్చీలో వాలి ఉన్నారు. పక్కింటావిడ మొగుడు రిటైరైన కండక్టరు. ఆయన అటు పోతూ అలవాటుగా ఆగి గోడకు చేరగిలబడ్డాడు.

"ఏమండీ, ఆ మూడు వేల మేస్త్రీ కథ చెప్పి వారమైందే?"

"ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకండి."

"ఎప్పుడూనా? మీరే మళ్ళీ మొదలెడతారు."

"మొదలెట్టను."

"నమ్మకమేమిటి?"

రసీదు గారు లేచి లోపలికెళ్ళి కాగితం తెచ్చారు. ఈ విషయమై ఇకపై ఎన్నడూ మాట్లాడబోనని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చారు. నకలు తన దగ్గర ఉంచుకున్నారు.